లెక్కల మాస్టారు నోరు మూసుకున్న నాలుగు నెలలు

ఆ బడిలో లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు 'అర్థమైందా'. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటారో ఆయనెప్పుడూ లెక్క పెట్టుకోలేదు గానీ, వెనక బెంచీ వాళ్లు ఒకసారి పెట్టారు. ఒక్క పీరియడులో నలభై మూడు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, సుద్దముక్క గాల్లో నిలబెట్టి, "అర్థమైందా?" అనేవారు. "అర్థమైంది సార్" అని తరగతంతా ఒక్క గొంతుతో అనేది. ఆ పాటకి పక్కగదిలో సైన్సు పాఠం కూడా తెలియకుండానే తాళం వేసుకుంటూ నడిచేది.

పాఠం చెప్పడంలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటుందని అందరూ అనేవారు. నిజం చెప్పాలంటే చేతిలో పెట్టి ఊరుకునేవారు కాదు, నమిలి కూడా పెట్టేవారు. పిల్లల పళ్లకి శ్రమ ఎందుకన్నంత దయ.

అలాంటి మాస్టారి భార్య పదో తరగతి లెక్కల పరీక్ష తప్పింది. చిన్నప్పుడు తప్పిన సంగతి కాదు ఇది. అదెప్పుడో తప్పింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు కూడా. ఇప్పుడు, నలభై ఏడేళ్ల వయసులో, ఇంట్లో మాస్టారిని పెట్టుకుని, ఆయన దగ్గరే ఆరు నెలలు చదువుకుని మరీ తప్పింది.

ఆవిడ పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేస్తుంది. రోగుల దుప్పట్లు, డాక్టర్ల గౌన్లు, ఆపరేషన్ గదికి వెళ్లే గుడ్డలు అన్నీ ఉతికి, ఇస్త్రీ అయి, అక్కడికే వస్తాయి. ఏ మూట ఏ వార్డుకో, ఏ గుడ్డ ఎన్ని మడతలో, ఏది ముందు వేసుకుని ఏది పైన పెట్టాలో పంతొమ్మిదేళ్లుగా ఆవిడ చేతులకి తెలుసు. ఆ గదికి ఇన్‌చార్జీలుగా వచ్చిన ముగ్గురికి పని నేర్పింది ఆవిడే. కానీ ఇన్‌చార్జి కుర్చీ మాత్రం ఆవిడకి రాలేదు. దానికి పదో తరగతి పాసైన కాగితం కావాలి. ఆవిడకి అన్ని సబ్జెక్టులూ ఉన్నాయి, లెక్కలొక్కటే లేదు.

ఇప్పుడు ఇన్‌చార్జిగా ఉన్న పెద్దావిడ ఏడాది చివర రిటైరవుతుంది. సూపరింటెండెంటు పిలిచి చెప్పాడు. "కాగితం తెచ్చుకోండమ్మా, కుర్చీ మీది. లేదంటే బయటినుంచి ఎవరినో వేస్తారు. నా చేతిలో ఏం ఉండదు." అంటే నాలుగో ఇన్‌చార్జికి కూడా ఆవిడే పని నేర్పాలి. నేర్పి, వాళ్ల సంతకం కోసం వాళ్ల కుర్చీ ముందు నిలబడాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్ష. మొదటిది అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటి.

వచ్చిన మార్కులు ఇరవై ఏడు. కావలసినవి ముప్పై అయిదు. ఆవిడ ఆ కాగితాన్ని టేబుల్ మీద బోర్లించి పెట్టి, టీ గిన్నె స్టవ్వు మీదికి ఎక్కించింది.

"పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు చూడు, అలా అయింది" అన్నారు మాస్టారు, వాతావరణం తేలిక చేద్దామని.

"చెట్టు తప్పేం లేదండీ" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండా. "మీరు బాగానే చెప్పారు. నాకే బుర్ర లేదు."

ఆ మాట మాస్టారికి కొత్త కాదు. మావాడికి బుర్ర లేదు సార్ అని తల్లిదండ్రులు ముప్పై ఏళ్లుగా ఆయన ముందు నిలబడి అంటూనే ఉన్నారు. ఆయన కూడా నిట్టూర్చి తలూపుతూనే ఉన్నారు. కానీ ఒకసారి చూసిన గుడ్డ మూట ఏ వార్డుదో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి ఆ మాట అంటుంటే, తల ఊపడానికి మెడ సహకరించలేదు.

ఆ వారమే ఉపాధ్యాయులకి ఒక రోజు శిక్షణ పెట్టారు. శిక్షణ అంటే మాస్టారికి స్తంభం పక్క కుర్చీ. వెనకనుంచి గాలి, ముందునుంచి స్తంభం చాటు. మధ్యాహ్నం వరకూ హాయిగా కునుకు. ఈసారి చెప్పడానికి వచ్చింది ఆయన కూతురి వయసున్న అమ్మాయి. గుండ్రటి కళ్లద్దాలు. మెదడు ఎలా నేర్చుకుంటుందో చదువుకుని వచ్చిందట. మాస్టారు కాళ్లు చాపుకుని, కళ్లు సగం మూసేలోగా ఆ అమ్మాయి అంది:

"అందరూ మీ చేతి గడియారాలు తీసి జేబులో పెట్టుకోండి. ఇప్పుడు కాగితం మీద దాని ముఖం గీయండి. చూడకుండా."

మాస్టారికి నవ్వొచ్చింది. పదహారేళ్లుగా ఆ గడియారం ఆయన మణికట్టు మీదే ఉంది. పెళ్లై పదేళ్లు నిండిన రోజున భార్య కొనిచ్చింది. పీరియడు ఎప్పుడవుతుందా అని రోజుకి వందసార్లు చూస్తారు. చకచకా గుండ్రం గీసి, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు అందంగా వేసి, కింద సంతకం కూడా పెట్టారు.

జేబులోంచి తీసి చూస్తే, దాని మీద అంకెలే లేవు. పైన ఒక్క పన్నెండు. మిగతావన్నీ గీతలు.

పక్కనున్న డ్రాయింగు మాస్టారు తొంగి చూసి, "మీది కాదేమో చూసుకోండి మాస్టారూ, ఎవరిదో పెట్టుకొచ్చినట్టున్నారు" అన్నాడు. తన కాగితం మీద ఆ డ్రాయింగు మాస్టారు సెకన్ల ముల్లే మర్చిపోయాడన్నది వేరే సంగతి.

ఆ అమ్మాయి మళ్లీ భోజనాల ముందు గీయించింది. టీ తర్వాత ఇంకోసారి. మూడోసారి మాస్టారు గీతల పొడవుతో సహా సరిగ్గా వేశారు.

"పదహారేళ్లు చూస్తే రానిది మూడుసార్లు గీస్తే వచ్చింది" అంది ఆమె. "చూస్తున్నంతసేపూ మనకి తెలుసనే అనిపిస్తుంది సార్. పాఠం వింటున్నప్పుడూ అంతే. తలలోంచి బయటికి లాగినప్పుడే దారి పడుతుంది. కాస్త మర్చిపోయాక లాగితే ఇంకా గట్టిగా పడుతుంది."

మాస్టారు లేచి నిలబడ్డారు. శిక్షణలో ఆయన లేచి నిలబడటం అదే మొదటిసారి. "అయితే ఇంక పాఠం చెప్పడం దేనికమ్మా?"

"చెప్పాలి సార్. చెప్పాక ఆపాలి కూడా."

హాలంతా నవ్వింది. మాస్టారు మాత్రం కూర్చోవడం మర్చిపోయి అలాగే ఉన్నారు. సాయంకాలం భోజనాల బల్ల దగ్గర భార్యకి చెప్పిన ఆరు నెలల పాఠం కళ్లముందు తిరుగుతోంది. 'ఇప్పుడు రెండు వైపులా దేంతో భాగించాలి?' అని అడిగేవారు. ఆవిడ నోరు తెరిచేలోగా 'ఐదుతో!' అనేవారు. 'ఆ, ఐదుతో' అనేది ఆవిడ. 'చూశావా, నీకే వచ్చేసింది' అని మురిసిపోయేవారు. ఆవిడ నోట్సు నిండా ఆవిడ చేతిరాతే. అందులో ఉన్న బుర్ర మాత్రం మొదటినుంచి చివరిదాకా ఆయనది. పరీక్షకి చేతిరాత వెళ్లింది, బుర్ర ఇంట్లో కూర్చుని టీ తాగింది.

ఇంటికెళ్లి, దాచుకోకుండా అంతా చెప్పేశారు. గడియారం సంగతి దాచుకుని ఉంటే బాగుండేది.

"నేను కొన్న గడియారం మీద అంకెలున్నాయో లేవో కూడా తెలీదా మీకు?"

"అది కాదోయ్, మెదడు విషయం..."

"మెదడు మీద తోసేయకండి. నా చెవులకి ఏమున్నాయో చెప్పండి చూద్దాం, ఇటు చూడకుండా."

రెండు రోజులు పాఠం జరగలేదు.

మూడో రోజు కొత్త పద్ధతి మొదలైంది. పుస్తకం మూసి ఉంటుంది. నిన్నటిదొకటి, పోయిన వారానిదొకటి, ఎప్పుడో మర్చిపోయిందొకటి, అలా లెక్కలన్నీ చీటీల మీద రాసి పాత బిస్కెట్ల డబ్బాలో వేశారు. ఆవిడ ఒక చీటీ తీయాలి, తనే చేయాలి. మాస్టారు మాట్లాడకూడదు. చూడటానికి ఇది తేలిక. ముప్పై ఏళ్లుగా ఎదుటివాడి కలం ఆగగానే నోరు కదిలే మనిషికి, తుమ్ము ఆపుకోవడమే ఇంతకన్నా సుఖం. మొదటిరోజు పెదవులు బిగబట్టారు. రెండోరోజు వేలు కొరుక్కున్నారు.

"మీ నోరు ఊరుకున్నా మీ కనుబొమలు ఊరుకోవడం లేదు" అంది ఆవిడ కలం కింద పెట్టి. "నేను కూడిక రాస్తుంటే పైకి లేస్తాయి, తీసివేత రాస్తే దిగుతాయి. లెక్క నేను చేస్తున్నానా, మీ కనుబొమలు చేస్తున్నాయా?"

"సరే, అయితే లేవనివ్వను."

"అవి లేచాయంటే నాకు అంతా పోతోందండీ. చిన్నప్పుడు బోర్డు దగ్గర నిలబెట్టి, ఒక సారు అలాగే చూసేవాడు. తెలిసింది కూడా పోయేది." ఆ సంగతే తన పని భాషలో చెప్పింది. "మోచేతుల మీద మూటలు నాలుగు పడతాయి. అయిదోది పెడితే మొదటిది జారుతుంది. నాకు భయమే రెండు మూటలు. ఇంక లెక్క ఎక్కడ పెట్టుకోను?"

శిక్షణలో ఆ అమ్మాయి అరగంటసేపు బొమ్మలు వేసి చెప్పిన సంగతి అదే. మనసు ఒక్కసారికి పట్టుకోగలిగింది కొంచెమే, దిగులు అందులో చోటు తినేస్తుంది అని. అప్పుడు మాస్టారు రాసుకున్నారు. ఇప్పుడు లేచి, కుర్చీ తిప్పి, గోడవైపు ముఖం పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాటి నుంచి అదే ఏర్పాటు. ఆవిడ బల్ల దగ్గర, ఆయన గోడతో. పక్కింటి నుంచి నిచ్చెన అడగడానికి వచ్చిన పెద్దమనిషి ఆ దృశ్యం చూసి, "ఏం తప్పు చేశారు మాస్టారూ?" అని గొంతు తగ్గించి అడిగాడు. "చాలా" అన్నారు మాస్టారు, గోడకేసే చూస్తూ.

మూడు వారాలు గడిచేసరికి పరిస్థితి బాగుపడాలి కదా. పడలేదు. ఇదివరకు పది లెక్కలకి ఎనిమిది వచ్చేవి, ఇప్పుడు మూడు వస్తున్నాయి. వెనకటి రోజుల్లో పుస్తకంలో పాఠం పేరు పైన రాసి ఉండేది. శాతాల పాఠంలో ఉన్నవన్నీ శాతాలే, త్రిభుజాల పాఠంలో ఉన్నవన్నీ త్రిభుజాలే. డబ్బాలోంచి వచ్చిన చీటీకి పేరుండదు. అదేమిటో ముందు తనే గుర్తుపట్టాలి.

"చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టుంది నా సంగతి" అంది ఆవిడ.

"పరీక్ష కాగితం మీద కూడా పేరుండదోయ్" అన్నారు మాస్టారు. అన్నారు గానీ లోపల ఆయనకీ గుబులే. బాగున్నదాన్ని చెడగొట్టానేమో అనుకున్నారు.

ఇక స్తూపం లెక్క వచ్చిన రోజున అసలు గొడవ జరిగింది. గుండ్రటి నీళ్ల డ్రమ్ములో ఎన్ని లీటర్లు పడతాయని ప్రశ్న. ఆవిడ చీటీ పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుంది. మాస్టారు గోడ పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నారు. మాట్లాడకపోవడంలో తాను ఎంత ముందుకొచ్చానో అని కొంచెం గర్వపడుతున్నారు కూడా. అంతలో కలం వచ్చి గోడకి తగిలింది.

"ఈ పాఠం మీరు నాకు ఎప్పుడు చెప్పారు? లేనిది ఎక్కడినుంచి లాగను? గోడలోంచా?"

మాస్టారు ఇటు తిరిగి, పాత నోట్సు తీసి చూశారు. స్తూపం ఒక్క పేజీ. అందులో ఉన్నదంతా తన బుర్రే. మర్నాడు సిగ్గు విడిచి, ఆ కళ్లద్దాల అమ్మాయికి ఫోన్ చేశారు.

"అయ్యో, మరీ అంత మౌనమా సార్!" అని ఆమె నవ్వింది. "దారి తెలిసినవాళ్లని నడవనివ్వాలి. తెలియనివాళ్లకి ముందు నడిచి చూపించాలి. ఒకటి పూర్తిగా చేసి చూపించండి. రెండోదాంట్లో చివరి మెట్టు వదిలేయండి. తర్వాత రెండు మెట్లు. అలా మెల్లగా తప్పుకోండి."

మెల్లగా తప్పుకోవడం ఆయనకి నోరు మూసుకోవడం కంటే కష్టమైంది. ఎక్కడ చెప్పాలో, ఎక్కడ ఆగాలో ప్రతిరోజూ కొత్తగా చూసుకోవాలి. కానీ ఆ వారంలో ఒక సాయంకాలం ఆవిడ చీటీ తీసి, కాసేపు చూసి, "ఇది డ్రమ్ము లెక్కలా వేషం వేసుకొచ్చింది గానీ, నిజానికి శాతం లెక్క" అంది. మాస్టారు గోడవైపు తిరిగి ఉన్నారు గనక ఆయన ముఖం ఆవిడకి కనపడలేదు. కనుబొమలు నెత్తి దాటిపోయాయి.

ఈ జబ్బు బడికి కూడా పాకింది. తరగతిలోకి వెళ్లగానే పుస్తకాలు మూయించి, మూడు ప్రశ్నలు బోర్డు మీద రాసి, కుర్చీలో కూర్చునేవారు. ముందు బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సార్, ఇది పోయిన వారం అయిపోయింది కదా?" అంది, పెద్దాయన మతిమరుపుని సర్దిచెబుతున్నట్టు.

"నాకు అయిపోయిందమ్మా. నీకు అయిందో లేదో చూద్దాం."

తప్పులకి మార్కులు కోయలేదు. పిలిచి నిలబెట్టలేదు. తప్పు ఎక్కడ మొదలైందో పక్కన గీత గీసేవారంతే. ఆ గీతలు చూస్తుంటే ఆయనకే చెమట పట్టింది. తాను నలభై మూడుసార్లు అడిగి, నలభై మూడుసార్లు అర్థమైందనిపించుకున్న పాఠం సగం మందికి రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంది. ఒకరోజు వరండాలో పోతున్న హెడ్మిస్ట్రెస్‌కి ఆ గదిలోంచి చప్పుడు వినపడలేదు. మాస్టారు రాలేదనుకుని వేరే టీచర్ని పంపింది. ఆ టీచరు వచ్చి చూస్తే మాస్టారు ఉన్నారు, పిల్లలు రాసుకుంటున్నారు. "ఒంట్లో బాగాలేదా సార్?" అని అడిగి, నీళ్లు తెచ్చిచ్చింది.

పరీక్ష రోజున మాస్టారు సెలవు పెట్టి, గేటు బయట నిలబడ్డారు. పిల్లల మధ్య ఆవిడ ఒక్కతే తల్లి వయసు మనిషి. లోపలికి వెళ్తూ వెనక్కి చూసి, "మీరు ఇంటికెళ్లండి, నాకు కనపడకండి" అంది. ఆయన వెళ్లినట్టే వెళ్లి, సైకిళ్ల షెడ్డు వెనక నిలబడ్డారు.

మూడు గంటల తర్వాత ఆవిడ వచ్చింది. మాస్టారు ఏమీ అడగకూడదనుకున్నారు. అడగలేదు. వీధి చివరిదాకా ఇద్దరూ నడిచారు.

"పద్నాలుగోది తప్పు చేశాను" అంది ఆవిడ.

మాస్టారు నడక ఆపేశారు. "తెలీక తప్పా?"

"కాదు. డ్రమ్ము లెక్కలో వ్యాసం ఇస్తే సగం చేయకుండా అలాగే వేసేశాను. గంట కొట్టాక, మెట్లు దిగుతుంటే తెలిసింది. ఇంకో నిమిషం ఉంటే దిద్దేదాన్ని." చెప్పులో దూరిన రాయిని దులుపుకుంటూ, చికాగ్గా అంది. "అంత తేలికదాన్ని పోగొట్టుకున్నాను, చూడండి!"

ముప్పై ఏళ్లలో పిల్లలు ఆయనకి చెప్పినవి రెండే మాటలు. బాగా రాశాం సార్, కష్టంగా ఇచ్చారు సార్. ఏది తప్పో, ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో చెప్పినవాళ్లు ఎంతమందో వేళ్లతో లెక్కపెట్టాలన్నా వేళ్లు మిగిలిపోతాయి. ఆయనకి నడివీధిలో కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందన్నారు.

ఫలితాలు వచ్చిన రోజు మాస్టారు తొమ్మిదో తరగతిలో ఉన్నారు. మూడు ప్రశ్నలు బోర్డు మీద ఉన్నాయి. పిల్లలు తలలు వంచి రాస్తున్నారు. జేబులో ఫోను కదిలింది. ఆయన చప్పుడు కాకుండా వరండాలోకి వెళ్లారు.

"యాభై ఎనిమిది" అంది ఆవిడ. వెనకాల ఇస్త్రీ మిషను ఆవిరి బుసలు కొడుతోంది. "ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను."

"పెద్దావిడ ఇప్పుడే గది తాళాలు నా చేతిలో పెట్టింది. సూపరింటెండెంటు కాగితం రేపిస్తాడట. సరే, ఉంటాను. ఆపరేషన్ గదికి మూటలు వెళ్లాలి, ఇక్కడ ఒక్కళ్లకీ ఏదెక్కడుందో తెలీదు." ఫోను పెట్టేసింది.

వరండాలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎవరూ లేరు. స్తంభానికైనా చెబుదామా అనిపించింది మాస్టారికి. గిరుక్కున తిరిగి తరగతిలోకి వచ్చి, బల్ల ముందు నిలబడి, "ఒరేయ్!" అని అరవడానికి గుండెలనిండా గాలి పీల్చుకున్నారు.

ఒక్కరూ తలెత్తలేదు. ముందు బెంచీ అమ్మాయి రాసిన మెట్టు కొట్టేసి, పెదవి కొరుక్కుంటూ దాన్నే చూస్తోంది. ఏదో పట్టుబడబోతోంది, ఇంకా పట్టుబడలేదు. ఇప్పుడు మాట్లాడితే జారిపోతుంది.

పీల్చిన గాలిని మెల్లగా వదిలి, ముఖం నిండా నవ్వుతో, ఆఖరి బెంచీలో ఆఖరి కలం ఆగేదాకా మాస్టారు అలాగే నిలబడ్డారు.